సాలూరు కాపీ

‘ముళ్ళకంచె ముఠా’ తీసిన నిర్మాత దగ్గర ఉన్నది ఒక్కటే జీపు. కథలో కావలసినవేమో రెండు, హీరోకొకటి, విలనుకొకటి. ఆ మహానుభావుడు బుర్ర గోక్కుని జీపుకి కుడివైపు ఆకుపచ్చ రంగు, ఎడమవైపు ఎర్రరంగు కొట్టించాడు. కుడిపక్క కెమెరా పెడితే హీరో జీపు, ఎడమపక్క పెడితే ముఠా జీపు. రెండు గంటలసేపు అవి ఒకదాన్నొకటి తరుముకుంటాయి గాని, ఒక్కసారన్నా పక్కపక్కన కనపడితే ఒట్టు. విలన్ గుహ గోడలకి సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం అంటించారు. ఉన్న ఆరుగురు రౌడీలే మూడేసి సార్లు చచ్చారు. హీరో వేషం కట్టిన స్టంట్ మాస్టర్ దివాకర్ ఒంటిమీద మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఒకటే పసుపు గళ్ళ చొక్కా. అడవిలో అదే, కోర్టులో అదే, చెల్లెలి పెళ్ళిలోనూ అదే. ఆ చొక్కాతో తరవాత పనుంది, కాస్త గుర్తుంచుకోండి.

ఇలాంటి సినిమా ఎవరిక్కావాలి అంటారా? డాక్టర్ బలగ పైడిరత్నానికి కావాలి. సాలూరు పద్మజ్యోతి టాకీస్‌లో అది ఆడిన మూడు వారాలూ, ఏడేళ్ళ వయసులో, ఆమె ఆ సినిమా చూసింది. వాళ్ళ నాన్న అప్పలసూరి ఆ హాల్లో ఆపరేటరు. అమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. ఇంట్లో పిల్లని చూసే దిక్కులేక అప్పలసూరి కూతుర్ని వెంటబెట్టుకొచ్చి ప్రొజెక్టరు గదిలో రీలు డబ్బాల మీద కూచోబెట్టేవాడు. ఆ గది కిటికీ కంతలోంచి రత్నం సినిమా చూసేది. ప్రతి ఆట చివరా దివాకర్ కొండమీద తూటా తగిలి పడిపోయేవాడు. ఒక్క క్షణం కదిలేవాడు కాదు. తరవాత కళ్ళు తెరిచి, నవ్వి, లేచి జీపెక్కి వెళ్ళిపోయేవాడు. ఆ లేవడం కోసమే ఆమె అన్ని ఆటలూ చూసింది.

ముప్ఫై అయిదేళ్ళు గడిచాయి. ఆ సినిమా ప్రింటు ఎక్కడా ఒక్కటి కూడా మిగల్లేదు. దొరికిందల్లా ఒక పాటల పుస్తకం. అందులో కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూసుకోమన్నారు. సరిగ్గా అందుకే రత్నం దాన్ని ఎంచుకుంది. ప్రింటు లేని సినిమాని చూసినవాళ్ళ తలల్లోంచి బయటకి తీసి మళ్ళీ నిలబెట్టగలిగితే, విశాఖపట్నంలో తొమ్మిదేళ్ళుగా తాను కడుతున్న యంత్రం పనిచేసినట్టే.

పైకి చూస్తే ఆ యంత్రం పని సులువు. రాజాం నుంచి వచ్చిన వరహాలమ్మనే చూడండి. ఆవిడని మెత్తటి కుర్చీలో కూచోబెట్టి, తలకి తీగల టోపీ పెట్టి, ఎదురుగా పాత పోస్టరు వేలాడదీసి, చెవిలో ఆ సినిమా ఈలపాట వినిపించారు. ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరమీద ముందు బూడిదరంగు మరకలు పాకాయి. కాసేపటికి ఒక చక్రం, ఎర్ర జీపులో సగం, వెండికాగితం గోడ కనిపించాయి. ఒక్కొక్కరి తలలో మహా అయితే రెండు నిమిషాల సినిమా ఉంటుంది. నాలుగువందల మందివి ఒకదానిమీద ఒకటి పరిస్తే, నలుగురి గుర్తూ కలిసిన చోట బొమ్మ గట్టిపడుతుంది, కలవని చోట చెదిరిపోతుంది.

చిక్కల్లా ఆ తరవాతే. పైకి తీసిన జ్ఞాపకం, కాచిన పాలలా, కొన్ని గంటలపాటు పలచగా ఉంటుంది. అలా వదిలేస్తే మనిషికి తల తిరుగుడు, పట్టపగలు కలవరింతలు. అందుకని అప్పటిదాకా కట్టిన సినిమాని అదే టోపీలోంచి చూపించి లోపల గట్టిపరచాలి. రత్నం సహాయకుడు ఇస్మాయిల్ ఈ పనికి ‘తోడు వెయ్యడం’ అని పేరు పెట్టాడు. అప్పుడు ఏది చూపిస్తే అదే తలలో పేరుకుంటుంది. అంతకు ముందున్నది ఇక ఉండదు.

వరహాలమ్మకి తోడు వేశాక ఇస్మాయిల్ మంచినీళ్ళిస్తూ, “రౌడీలొచ్చినప్పుడల్లా మీ అక్కగారు మీ చెయ్యి పట్టుకునేవారన్నారు కదమ్మా, ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?” అని అడిగాడు.

“ఏ సినిమాకి బాబూ? దీనికి నానొక్కర్తినే ఎళ్ళినట్టున్నాను. పక్కనెవులూ లేరు,” అంది వరహాలమ్మ. ఫైటింగులు మాత్రం నిన్న చూసినట్టున్నాయని మురిసిపోతూ బస్సెక్కింది.

యంత్రానికి కావలసింది తెరమీది బొమ్మ. తెర బయట ఉన్నవి, అంటే పక్కన కూచున్న అక్క, ఒళ్ళో వేరుసెనగ పొట్లం, రేకుల మీద వాన, ఇవన్నీ దాని లెక్కలో అంచు చెత్త. ఒక మీట నొక్కితే తుడుచుకుపోతాయి. ‘చుట్టుపక్కల వివరాలు కొన్ని మసకబారవచ్చు’ అని సంతకాల కాగితంలో ఒక వాక్యం ఉంది. అది రాసింది రత్నమే. చిన్న అక్షరాల్లో వెయ్యమన్నదీ ఆమే.

“మేడం, సాలూరు వాళ్ళతో ఏదో తేడా ఉంది,” అన్నాడు ఇస్మాయిల్ ఒకరోజు. “ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. అందరికీ హీరో చివర్లో లేచి వెళ్ళిపోతాడు. రాజాం, బొబ్బిలి, పలాస, ఎక్కడివాళ్ళని తీసుకున్నా చచ్చిపోతాడు.”

 రత్నానికీ లేచి వెళ్ళినట్టే గుర్తు.

“చిన్నప్పటి కోరిక ఇస్మాయిల్. పిల్లలు హీరోని చావనివ్వరు.”

“ముప్ఫై ఎనిమిది మందీ ఒకేలా కోరుకున్నారా? తప్పయితే తలో రకంగా ఉండాలి కదా మేడం. ఊరు ఊరంతా కలిసి ఒకటే తప్పు చేస్తుందా?”

మంచి ప్రశ్నే. తీరిక ఉంటే ఆమె దాన్ని పట్టుకుని వదిలేది కాదు. కాని మొదటి ప్రదర్శనకి పన్నెండు రోజులే ఉన్నాయి, ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. “ఎక్కువమంది మాటే మన మాట. సాలూరు వాళ్ళకి కూడా మిగతావాళ్ళ ముగింపే తోడు వేసెయ్,” అంది.

అయినా ఆఖరి రీలు సరిగ్గా గట్టిపడలేదు. ఎలా గట్టిపడుతుంది? క్లైమాక్సు వచ్చేసరికి సగం జనం బస్సు అందదని చెప్పులు వెతుక్కునేవాళ్ళు. చివరి బొమ్మ దాకా కన్నార్పకుండా చూసినవాడు ఎవడైనా కావాలి. రోజుకి నాలుగాటలు, మూడు వారాలు అలా చూసిన మనిషి రత్నం ఇంట్లోనే పడక్కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు.

అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని పెళ్ళికొడుకులా కారెక్కాడు. గోపాలపట్నం దాటకుండానే నోరు ఊరుకోలేకపోయింది.

“ఆ పిచ్చర్‌లో ఒక తమాసా ఉన్నాదమ్మా. ముప్పయ్యయిదేళ్ళు కడుపులో పెట్టుకున్నాను, ఎవులికీ సెప్పలేదు. ఆయేళ నీకేటయ్యిందంటే...”

“నాన్నా, ఆపు!” అని రత్నం దాదాపు అరిచింది. “కుర్చీలో కూచునే ముందు సినిమా గురించి మాట్లాడకూడదు. మాటలు కలిస్తే జ్ఞాపకం కల్తీ అయిపోతుంది. వచ్చినవాళ్ళందరికీ అదే రూలు.”

“నాను అందరిలోవోణ్ణేటి?”

“రూలు పెట్టిందే నేను నాన్నా. పనయ్యాక చెబుదువుగాని. సాయంత్రం కూచుని వింటాను, సరేనా?”

“సరే, సాయంత్రమే సెప్తాను. నువ్వు ఏడుస్తావు సూడు,” అని నవ్వి అద్దం దించుకున్నాడు. ఊరికే ఉండలేక ఆ సినిమా ఈలపాట అందుకున్నాడు.

“ఈల కూడా వద్దు నాన్నా.”

అదీ ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూచున్నాడు.

అప్పలసూరి తలలోంచి వచ్చినట్టు అంతవరకూ ఎవరి తలలోంచీ రాలేదు. ఆఖరి రీలు మొత్తం, ఒక్క బొమ్మ తప్పకుండా, ప్రింటు మీది గీతలతో సహా వచ్చింది. ఇస్మాయిల్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. దివాకర్‌కి తూటా తగిలింది, కొండమీద పడ్డాడు. అక్కడ తెర రెండుగా చీలింది. ఎడమవైపు దివాకర్ కళ్ళు మూశాడు, చెల్లెలు మీదపడి ఏడ్చింది. కుడివైపు దివాకర్ కళ్ళు తెరిచాడు, నవ్వి లేచాడు. రెండూ ఒకదానికొకటి తీసిపోకుండా స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు బొమ్మ అడుగున ఇంకా ఏవో కదిలాయి: ఒక బ్లేడు, ఒక తడిగుడ్డ, రీలు డబ్బాల మీద రెండు చిన్న పాదాలు.

“మేడం, పెద్దాయనకి రెండూ ఉన్నాయి! ఒక్కమాట ఆయన్నే అడుగుదామా?”

“మధ్యలో లేపి అడిగితే మొత్తం కల్తీ అవుతుంది.”

ఏది ఉంచాలో చెప్పమని యంత్రం ఎర్రదీపం ఆర్పి ఆర్పి వెలిగిస్తోంది. ఆలస్యమయ్యేకొద్దీ లోపల జ్ఞాపకం పలచబడుతుంది, మనిషికి మంచిది కాదు. ఎక్కువమంది మాట ఎటువైపుందో రత్నానికి తెలుసు. ఎడమది నొక్కింది. అలవాటుగా చెయ్యి అంచులు తుడిచే మీట మీదికీ వెళ్ళింది. తడిగుడ్డా పోయింది, పాదాలూ పోయాయి. తరవాత తండ్రికి తోడు వేసింది.

సాయంత్రం ఆమె రెండు గ్లాసుల్లో టీ తెచ్చి నాన్న కుర్చీ పక్కన కింద కూచుంది. “ఊఁ, ఇప్పుడు చెప్పు.”

“ఏటి?”

“పొద్దున కార్లో అన్నావుగా, ఏదో తమాషా ఉందని.”

అప్పలసూరి నుదురు రుద్దుకున్నాడు. “అన్నానా? ఏటో అనుంటానమ్మా, గుర్తులేదు. పిచ్చరు మటుకు ఎంత బాగా కనపడింది! దివాకర్ సచ్చిపోతే ఇప్పటికీ గుండె పట్టీసింది.”

రత్నం చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన చెప్పబోయింది తెరమీదిది కాదని, అంచున ఉన్నదని ఆమెకి అప్పుడే అనుమానం వచ్చింది. అదేమిటో మాత్రం తెలీలేదు.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. ఢిల్లీ పెద్దలు జీపు రెండు రంగులు కనిపెట్టి పిల్లల్లా చప్పట్లు కొట్టారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఆఖరి రీలు మొదలవగానే రత్నం ఫోను వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయింది. ఆమె ఆ టోపీ ఎన్నడూ పెట్టుకోలేదు. ఆమె దివాకర్ ఇంకా లేచి వెళ్ళిపోతూనే ఉన్నాడు.

తరవాత సాలూరు నుంచి కబురొచ్చింది, మా ఊళ్ళో కూడా ఒక ఆట వెయ్యమని. హాలు చూద్దామని ఆమె వెళ్ళింది. పద్మజ్యోతి టాకీస్ ఇప్పుడు లారీ సామాన్ల గోడౌను. దానికి కాపలా ఉన్నది అప్పటి గేటుమనిషి గౌరునాయుడే. ఆమెని చూడగానే గుర్తుపట్టాడు.

“ఏటమ్మా, మీ నాయిన కోసీసిన ముక్క నువ్వు మళ్ళీ అతికించీసినావంట గదా! దివాకర్ సచ్చిపోయేడని పేపర్లో సూసేను.”

“కోసిన ముక్కేంటి బాబాయ్?”

“ఓలమ్మ, నీకు తెల్దా!” గౌరునాయుడు లారీ టైరు మీద కూచున్నాడు. “మొదటిరోజు మేట్నీ. ఆడు కళ్ళు మూసీగానే గదిలోంచి నీ అరుపు. ‘లెగమను నాన్నా, లెగమను’ అని. హాలంతా ఇనబడ్డాది. మీ యమ్మ పోయి ఏడాదన్నా కాలేదు గదా మరి. అలాగే కళ్ళు మూసీడం సూసినావు నువ్వు. ఒళ్ళు కాలిపోయింది, ముద్ద ముట్టలేదు. మర్నాడు పొద్దున్న నిన్ను డబ్బాల మీద పడుకోబెట్టి, నెత్తిమీద తడిగుడ్డేసి, మీ నాయిన బ్లేడట్టుకున్నాడు. సచ్చిపోయే ముక్క కోసీసి, మొదటి రీల్లో ఆడు సెట్టుకింద నిద్దర లెగిసి జీపెక్కే ముక్క తెచ్చి అతికించీసేడు. సొక్కా ఒకటే గదా! ఎవులికీ తెల్లేదు.”

“ప్రింటుతో పంపిణీదారు మనిషి కాపలా వస్తాడు కదా, రిప్రజెంటేటివ్?”

“ఆణ్ణి ఇంటర్వెల్లు దాటగానే నాను టీకొట్టుకాడికి అట్టుకుపోయేవోణ్ణి. తెలిసుంటే మీ నాయిన ఉజ్జోగం ఊడిపోను. మరింక ఏ హాల్లోనూ గుమ్మం ఎక్కనివ్వరు. ఆపరేటరు ప్రింటు కోస్తే అంతకన్నా పాపం లేదు మాకు. పిచ్చరు ఎళ్ళిపోయిన రోజు మళ్ళీ ఎక్కడిదక్కడ అతికించి పంపేడు. జాయింటుకాడ తెగిన నాలుగు బొమ్మలు మటుకు దాసుకున్నాడు.”

రత్నం ఇంకో టైరు మీద కూలబడింది. ఆ అరుపూ, ఆ జ్వరమూ ఆమెకి గుర్తే లేవు. రెండు చిన్న పాదాలు. తన పాదాలే. తన వేలితోనే తుడిచింది. ఎవరికీ చెప్పని మాట ఆ మనిషి తనకి చెప్పబోతే, కల్తీ అని నోరు మూయించింది. ఈలని కూడా ఆపించింది. తనంత బుద్ధిలేనిది ఇంకొకతి ఉండదనుకుంది. అనుకుని ఏడ్చింది. గౌరునాయుడు కంగారుపడి, పరుగెత్తి సోడా తెచ్చాడు.

“నాన్నతో ఈ సంగతి అనకు బాబాయ్,” అంది కాసేపయ్యాక. “మనం చెబితే సరే అంటాడు. అది మన మాట అవుతుంది గాని ఆయనకి గుర్తొచ్చినట్టు కాదు.”

ఇంటికొచ్చి నాన్న ట్రంకుపెట్టె వెతికింది. అమ్మ పెళ్ళిఫొటో వెనక, మడతపెట్టిన కాగితంలో నాలుగు బొమ్మల ఫిలిం ముక్క దొరికింది. తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అప్పలసూరి దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

“పసుపు గళ్ళ సొక్కా. మన దివాకరే! ఏ ఊళ్ళో తెగిందో ఏటో. ఇలాటి ముక్కలు మాకాడ డబ్బాల్నిండా ఉండీవి. అమ్మ ఫొటో ఎనకాల ఎవులెట్టేరు దీన్ని?” అని నవ్వి తిరిగి ఇచ్చేశాడు. “నువ్వుంచుకో అమ్మా. ఆ పిచ్చరు నీకిష్టం గదా.”

మర్నాడు ఆమె ఇస్మాయిల్‌తో, “సాలూరుకి వేరే కాపీ చేస్తున్నాను,” అంది. ఏం చెయ్యబోతోందో చెప్పింది.

ఇస్మాయిల్ మొహం దిగాలుగా పెట్టాడు. “మేడం, పెద్దాయనకి గుర్తు రావాలనేనా? తోడుకున్నాక వెనక్కి రాదు. ఇన్నేళ్ళలో ఒక్కరికీ రాలేదు.”

“తెలుసు. ఆ కాగితం రాసింది నేనే.”

తెలిసీ ఆశపడింది, అదే మనిషి ఖర్మ. కోసి అతికించడానికి కంప్యూటరు మీద అరనిమిషం పట్టింది. బ్లేడు లేదు, టీకొట్టుకి తీసుకుపోవలసిన రిప్రజెంటేటివ్ లేడు. ఆమెకి సిగ్గేసింది.

ఆదివారం మేట్నీ. లారీ సామాన్లు ఓ మూలకి నెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మీరు పెద్దవారు ముందు కూచోండి అంటే అప్పలసూరి వినలేదు. వెనక, పాత ప్రొజెక్టరు గది కిందే కూచున్నాడు. పక్కన రత్నం. జీపు ఎర్రగా వెళ్ళి పచ్చగా తిరిగొచ్చినప్పుడల్లా జనం ఈలలు వేశారు. ఒకే రౌడీ రెండోసారి చచ్చిపోతే, “ఒరే, నువ్విందాకే పోనావు గదరా!” అని ఎవరో కేకేశారు. అప్పలసూరి పొట్ట పట్టుకుని నవ్వాడు.

కొండ వచ్చింది. తూటా తగిలింది. దివాకర్ పడ్డాడు. రత్నం తెర వైపు చూడలేదు, నాన్న మొహమే చూస్తూ కూచుంది. దేవుడా, ఒక్కసారి, అనుకుంది.  తరవాత దివాకర్ కళ్ళు తెరిచి నవ్వినట్టున్నాడు, హాలు ఒక్కసారి హోరెత్తింది. ఊరివాళ్ళకి కావలసింది దొరికింది. గేటు దగ్గర గౌరునాయుడు పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

కుర్చీచేతి మీద అప్పలసూరి రెండు వేళ్ళు కదిలాయి, బ్లేడు పట్టుకున్నట్టు. రత్నం ముందుకి వంగింది.

“కోత,” అన్నాడు ఆయన.

“ఏంటి నాన్నా?”

“అక్కడ కోసీసేరమ్మా. సచ్చిపోవాలి గదా ఆడు! మొదటి రీల్లో ముక్క తెచ్చి అతికించీసేరు, సెట్టునీడ పడ్డాది సూడు మొహం మీద. సొక్కా ఒకటని నన్ను మోసం సేస్తారేటి? ఎవుడిదీ పని?”

“నేనే నాన్నా.”

“నువ్వా!” అప్పలసూరి పూర్తిగా ఆమెవైపు తిరిగాడు. “ఏలమ్మా?”

“ఒక పిల్ల ఏడిచింది నాన్నా. వాణ్ణి లెగమను, లెగమను అని ఏడిచింది. ఆ పిల్ల కోసం.”

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె ఆ కళ్ళలో వెతకగలిగినంత వెతికింది. కూతురు ఏదో తప్పు చేసి ఒప్పుకుంటోందన్న జాలి తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

“ఓ గుంట ఏడిచిందని పిచ్చరు కోసీస్తారేటమ్మా? ఉజ్జోగం పోద్ది గదా. నా సర్వీసు మొత్తంలో అలాటి ఆపరేటర్ని నాను సూడలేదు.”

“నేను చూశాను నాన్నా,” అంది రత్నం. “ఒక్కణ్ణి.”

దివాకర్ జీపు కొండ దిగి వెళ్ళిపోయింది. లైట్లు వెలిగాయి. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

“ఏ ఊరోడమ్మా?” అని అడిగాడు అప్పలసూరి.